అరగని బ్యాటరీ

“కాక, కారు బ్యాటరీల సగం జీవం గూడ లేదు. ముప్పై ఎనిమిది శాతమే,” అని మెకానిక్ కిషన్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు.

ఇమ్మాన్యుయేల్‌కి కోపం రాలేదు. భార్య రెజీనా పోయిన ఆర్నెల్ల నుంచి ఆయనకు ఏదీ రావడం లేదు.

“నీ మిషన్ తప్పు. ముప్పై రెండేండ్లు గని లాంపు రూముల చేసిన. నెత్తి లాంపుల బ్యాటరీల సంగతి నాకు చెప్తవా? గనిల దిగని లాంపు అరగదు. గీ హైబ్రిడ్ బండిని గూడ గట్లనే కాపాడిన. ఎనిమిదేండ్లల్ల ఆరు వేల కిలోమీటర్లు!”

“గంతేనా? చిన్నమ్మను ఎటూ తీస్కపోలేదా?”

“చర్చికి ఆటో. దవాఖానకు గూడ ఆటోనే. వాన పడ్తే బండికి కవర్ కప్పి, ఆమెకు గొడుగిచ్చిన.”

కిషన్ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగాడు.

“అరిగి పోలేదు కాక. ఊకె నిలవెట్టుడుతోనే ఖరాబైంది. గిది నడుస్తుంటెనే బతుకుతది.”

ఇమ్మాన్యుయేల్ కారులోకి చూశాడు. ఎడమ సీటు మీద షోరూం వాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా తళతళలాడుతోంది.

“ఇగ ఎన్నొద్దులొస్తది?”

“రోజూ అరగంట తిప్పితే రెండేండ్లన్న ఒస్తది.”

ఆయన బుద్ధిగా తలూపాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని, పక్క సీటు ప్లాస్టిక్‌ని చిరగకుండా తీశాడు. నాలుగు మడతలు పెట్టి వెనక సీట్లో పెట్టాడు. ఖాళీ సీటును ఒకసారి చేత్తో తుడిచాడు.

“ఎటు తిప్పాలె, కిషన్?” అని అడిగాడు.