మూడో పేరు

భీమవరంలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఫణిశ్రీ ఆ రాత్రి గంగరాజు కోసమే కొట్టు ఇంకా తెరిచి ఉంచింది. ఆయన రొయ్యల రైతు. నిరుడు చెరువులో పడి చనిపోయిన తన తమ్ముడు అశోక్ వాడిన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. కూతురి చదువుకు అందులో విండోస్, లినక్స్ రెండూ కావాలన్నాడు. ఫణిశ్రీ పాత డిస్క్ తీసేసి, కొత్తది తన చేత్తోనే బిగించింది. రెండూ ఎక్కించి ఆన్ చేసింది.

ఏది తెరవాలో అడిగే నల్లటి తెర మీద మూడు పేర్లున్నాయి. మూడోది ‘అశోక్’.

"ఇది నేను పెట్టలేదండి," అంటూనే దాన్ని నొక్కింది.

తెర మీద ఏ బొమ్మా రాలేదు. రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరిగే హోరు వినిపించింది. ఆ హోరులోనే ఎముక విరిగిన చప్పుడు.

"అన్నయ్యా, కొట్టొద్దు! చచ్చిపోతాను!"

గంగరాజు బల్ల మీది సుత్తి లాక్కుని ల్యాప్‌టాప్ మీద విరుచుకుపడ్డాడు. తెర పగిలింది. పెంకులు గుచ్చుకుని చేతినిండా నెత్తురు కారుతున్నా ఆపలేదు. బ్యాటరీ ఊడి ఫణిశ్రీ కాళ్ల దగ్గర పడింది.

ఆ ముక్కల్లోంచి అశోక్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

గంగరాజు వెళ్లి షట్టర్ కిందికి లాగాడు. దానికి వీపు ఆనించి నిలబడి, సుత్తి దించకుండానే ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీకేమైనా వినపడిందాండి?"

"లేదండి," అంది ఫణిశ్రీ.

అరుపు ఠక్కున ఆగిపోయింది.

"నాకు వినపడింది అన్నయ్యా," అన్నారెవరో, షట్టర్ అవతలి నుంచి.