ఎడమచేతి ముడి

భుజాన కొబ్బరి మట్టల మోపుతో వాకిట్లో నిలబడ్డ మనిషిని చూడగానే బాలసుందరానికి ఒళ్ళు మండింది.

మళ్ళీ వీడే!

సోగత్తూరు మామిడితోపుకు కావలివాడు. ఏ దేశంవాడో, ఏ భాషవాడో ఎవరికీ తెలియదు. ఏడాదిగా వారానికోసారి ఈ వీధినే పోతున్నాడు. కూతురు రంగనాయకి గడపలో కనిపిస్తే ఆగి మరీ చూస్తాడు. పోయిన నెల బాలసుందరం బడిలో వాడే బెత్తం తీసుకుని వీధి చివరిదాకా తరిమాడు. అయినా సిగ్గు లేదు.

అసలే ఇంట్లో పరిస్థితి బాగాలేదు.

రంగనాయకి పెద్దమనిషై మూడు రోజులైంది. వాళ్ళ ఇళ్ళల్లో పిల్ల మేనమామ తన చేతులతో పచ్చాకుల గుడిసె కట్టాలి. తొమ్మిది రోజులు పిల్ల అందులో కూర్చోవాలి. భార్య గౌరమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, నాగరాజప్ప. నలభై ఒకటిలో పటాలంలో చేరాడు. సింగపూరు పడిపోయాక ఉత్తరం లేదు. యుద్ధం ముగిసి కూడా ఏడాది దాటింది.

నిన్న సాయంత్రం బాలసుందరం నచ్చజెప్పి చూశాడు.

"మా తమ్ముడు ఈశ్వరప్పతో కట్టించేద్దాం. ఇంగ్లీషులో పెదనాయన, చిన్నాయన, మేనమామ, అత్త మొగుడు, అందరికీ ఒకటే మాట, అంకుల్. ఇంత రాజ్యం ఏలే దొరలకే ఆ ఒక్క మాట చాలింది. మనకు చాలదా?"

అతను ధర్మపురి హైస్కూల్లో ఇంగ్లీషు వాద్యారు మరి.

"దొరలు ఆడబిడ్డలకు గుడిసె కట్టరు," అంది గౌరమ్మ. "ఇంకొకరు కట్టినారంటే నా తమ్ముడు లేడని నేనే ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను."

పిల్ల ఇంకా పెరటి వసారాలో చాప మీదే ఉంది.

ఇప్పుడు ఈ పీడ ఒకటి! బెదరగొడదామని బాలసుందరం ఇంగ్లీషులోకి దిగాడు.

"హూ ఆర్ యూ?"

ఆ మనిషి మోపు దించి నిటారుగా నిలబడ్డాడు.

"అంకుల్, సార్."

బాలసుందరానికి కోపంతోపాటు నవ్వు కూడా వచ్చింది. "ఏ అంకులురా? నాకు అన్నవా, తమ్ముడివా, బావవా?"

కేకలకు గౌరమ్మ బయటికొచ్చింది. ఆమెను చూసి ఆ మనిషి రెండు చేతులూ జోడించాడు.

"అక్కా," అన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మామా. గుడిసె."

పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఒక్కొక్క మాటే పలికాడు. వాళ్ళు ఔననీ కాదనీ అనకముందే వాకిట్లో కూర్చుని మట్టలు చీల్చడం మొదలుపెట్టాడు.

"లేస్తావా, బెత్తం తెమ్మంటావా?"

"ఉండండి," అంది గౌరమ్మ. "ఆ ముడి చూడండి."

"ముడికేమైంది?"

"ఎడంచేత్తో వేస్తాండాడు. రెండు చుట్లు చుట్టి కొస లోపలికి తోసినాడు. పాపారపట్టిలో మా పుట్టింటి పందిళ్ళకు నా తమ్ముడు వేసే ముడి అది. వాడిది ఎడంచేతి వాటం."

బాలసుందరం చూశాడు. ఆ మనిషి కత్తి కుడిచేత్తో పట్టాడు. చెంబెడు నీళ్ళు కుడిచేత్తోనే తాగాడు. ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎడమచెయ్యి. ఎవరో ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పిన ముడి.

"అయితే వీడికి నాగరాజప్ప తెలుసు! ఉండు, అడుగుతా."

గౌరమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అడగొద్దు."

"ఎందుకు?"

"అడిగితే చెప్తాడు."

బాలసుందరానికి అప్పుడు అర్థమైంది. చావు కబురు చెవిన పడితే ఇంటికి మైల. మైల ఇంట్లో పిల్లకు వేడుక లేదు.

"తొమ్మిది దినాలు పోనీండి," అంది గౌరమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తొమ్మిది రోజులూ ఆ మనిషి వాకిట్లోనే ఉన్నాడు. పెట్టింది తిన్నాడు. నోరు విప్పలేదు. అతను ఏ కబురు మోసుకొచ్చాడో తెలిసి కూడా గౌరమ్మ రోజూ వడ్డించింది. ఆమె ధైర్యానికీ, అతని మౌనానికీ బాలసుందరం నివ్వెరపోయాడు.

తొమ్మిదోనాడు పిల్లకు నీళ్ళు పోశారు. మేనమామ చేయాల్సినట్టే అతను గుడిసె విప్పి కాల్చాడు. రంగనాయకి కాళ్ళకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

తర్వాత చొక్కా జేబులోంచి ఒక బిళ్ళ తీసి గౌరమ్మ అరచేతిలో పెట్టాడు. పటాలంలో మెడకు వేసే బిళ్ళ. నాగరాజప్ప పేరు చెక్కి ఉంది.

అప్పుడు గౌరమ్మ గొంతెత్తి ఏడ్చింది.

ఆమెను పట్టుకుని కూర్చోబెట్టి బాలసుందరం బయటికి వచ్చేసరికి అతను రైలు కోసం మొరప్పూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదే అని బాలసుందరం తనను తానే తిట్టుకున్నాడు. తరిమిన బెత్తం గోడకు అలాగే ఆనించి ఉంది.

మర్నాడు ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఉత్తరాన హిమాలయాల్లోని పల్లె నుంచి. ఒక ముసలామె చెబుతుంటే అక్కడి పోస్టుమాస్టరు ఇంగ్లీషులో రాశాడు. బాలసుందరం తెలుగు చేస్తూ పెళ్ళానికి చదివాడు.

"వాద్యారు గారికి. నా కొడుకు కుందన్ సింగ్ జపానువాళ్ళ చెర నుంచి విడుదలై పద్నాలుగు నెలలైంది. ఇంకా ఇల్లు చేరలేదు. 'ధర్మపురిలో అక్క కూతురికి గుడిసె కట్టాలి, ఆ పిల్ల ఎదిగేదాకా రాలేను' అని రాయిస్తున్నాడు."

బాలసుందరం ఆగిపోయాడు. అక్షరాలు మసకబారాయి.

"ఆపినారేం? చదవండి," అంది గౌరమ్మ.

"నేను కన్నది వాడొక్కడినే. అయినా వాడు అక్క అన్నాడంటే నాకు కూతురున్నట్టే. నా బిడ్డ ఎలా ఉందో, మనవరాలు పెద్దమనిషైందో లేదో రాయించండి."