నలభై ఒకటో వరుస

“మార్చి పద్నాలుగు, గురువారం. బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్డు,” అన్నాడాయన, ఫైలు వంక చూడకుండానే.

ఎదురు కుర్చీలోని కొత్తమ్మాయి నవ్వేసింది. ఈ పట్టిక ఎప్పుడు చేశారని అడిగితే, ఆ రోజు మధ్యాహ్నం తిన్నదానితో సహా చెప్పే మనిషి బడ్జెట్ ఆఫీసు మొత్తం మీద ఆయనొక్కడే. అందుకే ఆయన్ని అందరూ క్యాలెండరు అంటారు. ఉన్న మనుషుల్ని ఉన్న పనులకి ఎలా సర్దితే మేలో లెక్క కట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ విద్యే ఇప్పుడు ఆ అమ్మాయికి నేర్పుతున్నాడు.

“మరి ఇదేంటి సార్?” అంటూ ఆ అమ్మాయి పట్టికలో ఆఖరి వరుస మీద వేలు పెట్టింది.

నాలుగేళ్ల కిందటి ఆస్పత్రి పట్టిక అది. ఆయాలు నలభై ఒక్కమంది, పనులు నలభై. రెండు వైపులా సమానంగా లేకపోతే కంప్యూటరు లెక్క తేల్చదు కనుక, లేని పనొకటి కల్పించి కింద చేరుస్తారు. అది ఎవరి వాటాకి వస్తే వాళ్లు మిగులు. లెక్క తేలాక ఆ వరుస చెరిపేసి ఫైలు పైకి పంపాలి. ఇక్కడ చెరపలేదు. పైగా దానికి ‘రాత్రి తోడు’ అని పేరు కూడా ఉంది. నంబరున్న వరుసని ప్రశ్నించే అలవాటు పైన ఎవరికీ లేదు. లేని పని కాస్తా మంజూరై కూర్చుంది. మిగులు కావలసిన ఆయమ్మ నాలుగేళ్లుగా అదే చేస్తోంది.

ఏం పని చేస్తున్నారో చూపించలేని పోస్టులన్నీ ఈ నెలాఖరుకి తీసెయ్యమని కొత్త డైరెక్టరుగారి ఉత్తర్వు.

“మర్చిపోయానమ్మా,” అన్నాడాయన.

“మీరా?”

“ఆ రోజు మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది.”

ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. పేరెందుకు పెట్టారని మాత్రం గొణిగింది. గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఊరుకోదు, చేతికొచ్చింది కొట్టానన్నాడు.

“అయితే ఆయమ్మ ఉద్యోగం పోతుందా?”

“వెళ్లి లెక్కపెట్టి రా. అక్కడ నిజంగా పని లేకపోతే మనమే చెరిపేద్దాం.”

వారం తర్వాత ఆ అమ్మాయి నోటుబుక్కు నింపుకుని వచ్చింది. ఆయమ్మ నిద్రపట్టని వాళ్ల పక్కన స్టూలేసుకుని కూర్చుంటుందట. చెయ్యి పట్టుకుంటుందట. చప్పుడుకి ఎవరూ ఉలిక్కిపడకుండా తలుపు రెక్కల మధ్య గుడ్డ మడత పెడుతుందట. ఆమె ఉన్న వార్డులో నర్సు కోసం గంట రాత్రికి పదకొండుసార్లు మోగితే, పక్క వార్డులో ముప్పై నాలుగు. మంచం మీంచి పడ్డవాళ్లు నాలుగేళ్లలో ఇక్కడ ఒక్కరూ లేరు, అక్కడ తొమ్మిదిమంది.

డైరెక్టరుగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు.

“పోస్టు ఉండనివ్వండి. పక్క వార్డుకీ ఒకటి చూడండి. కానీ మీరు చేసింది పొరపాటే కదా. మెమో ఇవ్వక తప్పదు.”

“ఇవ్వండి సార్.”

ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటి మెమో. దాన్ని ఫస్టు క్లాసు వచ్చిన మార్కుల కాగితంలా జాగ్రత్తగా మడిచి ఆయన జేబులో పెట్టుకోవడం కొత్తమ్మాయి చూసింది.

“ఒక్కోసారి మతిమరుపు కూడా మంచిదే సార్,” అంది.

“ఒక్కోసారి,” అన్నాడాయన.

ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాడు. ఆయమ్మ చూడగానే గుర్తుపట్టింది. కిటికీ పక్క మంచం మీద ఎవరో పెద్దావిడ, ఆయమ్మ వేలు గుప్పిట్లో బిగించి నిద్రపోతోంది.

“మీ ఆవిడగారు కూడా ఇంతే బాబూ, నా వేలు వదిలేవారు కాదు,” అంది ఆయమ్మ గుసగుసగా.

“నీ పని ఎటూ పోదమ్మా,” అన్నాడు.

“పోతుందని ఎవరన్నారు?”

ఆయన నవ్వి, మంచం కమ్మీ ఒకసారి తాకి బయటికి నడిచాడు. ఆయమ్మ మెల్లగా వేలు విడిపించుకుని వచ్చి, గుడ్డ మడత సర్ది, ఆయన వెనకాల చప్పుడు కాకుండా తలుపు వేసింది.

ఆయన భార్య ఆఖరి కోరిక ఆ నలభై ఒకటో వరుసే.