కుడి రెక్క

రెక్క తీసేయాల్సిందేనని డాక్టరు చెప్పినప్పటి నుంచి సాలమ్మ మనసు మనసులో లేదు.

కరెంటు తీగ తగిలి ఇంకా వారం కాలేదు. పైకి కనిపించింది చిన్న మచ్చే. లోపల మాత్రం మాడిపోయిందట. ఆ విషం ఒళ్లంతా పాకకముందే తీసేయాలట. తీయకపోతే ప్రాణానికే ముప్పట. ఏ సంగతీ సాయంత్రం లోపల చెప్పమన్నాడు డాక్టరు.

మొయినాబాద్ అవతల, దెబ్బ తగిలిన జంతువులను, పక్షులను తెచ్చి సాకే చోట సాలమ్మ పనిచేస్తుంది. తాబేళ్ల తొట్లు కడగడం ఆమె పని. తాబేళ్లతో ఆమెకు పేచీ లేదు. అవి ఉరకవు, పొడవవు, మీదికి రావు. గూడబాతు ఉండే మడుగు వైపు మాత్రం ఇన్నాళ్లూ తొంగి చూడలేదు. తీగలకు కొట్టుకుని చెరువు గట్టున పడి ఉంటే ఎవరో రైతులు తెచ్చి అప్పగించిన పక్షి అది. మూరెడు ముక్కు, ఆ ముక్కు కింద వేలాడే సంచి. దూరం నుంచి చూస్తేనే ఆమెకు వణుకు.

ఈ రోజు దయానందం పట్టుబట్టి రమ్మన్నాడు. పక్షులను చూసుకునేది ఆయనే. ఇద్దరిదీ ఒకే చర్చి. సాలమ్మను సొంత చెల్లెలిలాగే చూస్తాడు.

"రా చెల్లె, జర దగ్గరికి రా. దీని సంగతి మంచిగ చూడు. చూసినంకనే డాక్టరుకు మాట చెప్పు."

"నా నోటితోని రెక్క తీయమని ఎట్ల చెప్పాలె అన్నా?"

"రేపటి నుంచి తినిపించేది నువ్వు, కట్లు చూసుకునేది నువ్వు. నువ్వు గాక ఎవ్వలు చెప్తరు?"

సాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మడుగు దగ్గరికి నడిచింది.

గూడబాతు నీళ్లలో ఓ పక్కకు ఒరిగి ఈదుతోంది. దాని కుడి వైపు చూసే ధైర్యం లేక ఆమె ముక్కు వైపు చూసింది. అదీ భయమే. ఆ పక్షికి మాత్రం ఏ మొహమాటమూ లేదు. సరాసరి గట్టుకు వచ్చి ఆమె ముందు నిలబడింది. సాలమ్మ వెనక్కి జరిగింది.

"కరవది. చేప పట్టుకో," అంటూ దయానందం బకెట్ ముందుకు తోశాడు.

సాలమ్మ ఓ చేప తీసి ముందుకు చాపింది. గూడబాతు ముక్కు టప్పుమని మూసుకుంది. చేపతో పాటు ఆమె చెయ్యి కూడా మణికట్టు దాకా ఆ సంచిలోకి పోయింది. "ప్రభువా!" అని కేక పెట్టి వెనక్కి లాక్కుంది. చూసుకుంటే ఒక్క గీత కూడా పడలేదు. లోపలంతా మెత్తగా, తడిగా ఉంది, అంతే. సాలమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

"కోసేటప్పుడు మత్తు ఇస్తరా అన్నా?"

"ఇస్తరు. ఏం తెల్వది."

"తెలివికొచ్చినంక?"

దయానందం అబద్ధమాడలేదు. "నొప్పి ఉంటది చెల్లె. కొన్ని దినాలు ఏం తినది. గోడ దిక్కు తిరిగి పండుకుంటది. లేని రెక్కను ఆడియ్యబోయి పక్కకు తూలుతది. అప్పుడు నువ్వు దగ్గరుండాలె."

"రెక్క లేకుంట అది ఎట్ల బతుకుతది? అందరు వింతగ చూడరా?"

"చూడనీ. చూసి చూసి వాళ్లే ఊకుంటరు. ఫికర్ వెట్టుకోకు."

అంతలో మడుగు అంచున ఓ కొంగ చేపను పట్టింది. గూడబాతు మెడ చాచి, దాని నోటి దగ్గరి చేపను గుంజుకుని గుటుక్కున మింగేసింది. కొంగ గోల పెట్టింది. గూడబాతు అటు తిరిగి కూడా చూడలేదు.

"ఓసి గడుసుదానా!" అంది సాలమ్మ.

ఈసారి కుడి వైపు కూడా చూసింది. చాలాసేపు చూసింది. భయం పోలేదు. అయినా కళ్లు తిప్పుకోలేదు.

కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత డాక్టరుకు ఫోన్ చేసింది.

"తీసేయుండ్రి సారూ. పాణం దక్కితే చాలు. నేను సాదుకుంట."

సాయంత్రం చేవెళ్ల దవాఖానలో, నిరుడే కుడి రెక్క పోయిన ఆ గూడబాతు ఫోటోను తొమ్మిదో తరగతి చదివే కూతురు జెన్నీకి ఫోన్లో చూపించి, తెల్లారితే తీసేసే బిడ్డ కుడిచేతిని సాలమ్మ భుజం నుంచి వేలి కొసల దాకా ఆఖరిసారి నిమిరింది.