ఒకే ఇంటికి మూడు నేలలు

చెంగయ్య టైల్సు అంగట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ల మనిషి. ఊళ్లో నలుగురికి తగువు తీర్చే రైతు. పెళ్లాం ముందు మాత్రం హోంవర్కు చెయ్యని బడిపిల్లాడు.

“ఇంకోసారి నడువు,” అంది మస్తానమ్మ. “కింద చూడబాక. నన్ను చూస్తా నడువు.”

“నేల కొనేది నువ్వు. మధ్యలో నా కాళ్లెందుకే?”

అంటూనే నడిచాడు. ముందు నున్నటి టైలు, తర్వాత గరుకు టైలు, ఆ తర్వాత టేకు చెక్క. చాంద్ బాషా నాయుడుపేటలో ఆ అంగడి పెట్టి పన్నెండేళ్లయింది. టైల్సును గోటితో గీకి చూసేవాళ్లను చూశాడు, నీళ్లు పోసి చూసేవాళ్లను చూశాడు. మొగుణ్ణి నడిపించి చూసే మనిషిని చూడడం ఇదే మొదలు.

చిట్టమూరు దగ్గర వాళ్ల ఊళ్లో ఇల్లు దాదాపు పూర్తయింది. నేల ఒక్కటే మిగిలింది. చెంగయ్య లెక్క చాలా సులువు. ఇల్లంతా ఒకటే తెల్ల టైలు. అడుగు యాభై అయిదు, పరిచే కూలి ముప్పై. ఏడొందల అడుగులకు అరవై వేలతో సరి. చేతిలో మిగిలే లక్షతో కొత్త మోటార్ సైకిలు. షోరూంలో అయిదు వేలు అడ్వాన్సు కూడా కట్టేశాడు.

మొన్నమొన్నటి దాకా, ముప్పై ఏళ్లుగా ఆయన బండి లేకుండా చేనుకు పోయింది లేదు. ఆ పాత బండిని పోయిన నెల, ఆయన ఊళ్లో లేని రోజు చూసి, మస్తానమ్మ పాతసామాన్లవాడికి తూకానికి అమ్మేసింది. పొగ ఎక్కువైందట! కొత్తది కొందాంలే అని అప్పుడు అన్నదీ ఆమే.

“హాలుకు నున్నటిది. వంటింటికీ వరండాకూ గరుకుది. పడగ్గదికి చెక్క,” తేల్చేసింది మస్తానమ్మ.

“చెక్క అడుగు నాలుగొందల యాభై అక్కా. బిగించే కూలి వేరే,” అన్నాడు చాంద్ బాషా. “పైగా మనది సముద్రం గాలి. తేమకు ఉబ్బుద్ది. అమ్మేవాణ్ణి, నేనే వద్దంటా ఉండా.”

“ఉబ్బితే ఉబ్బనీ.”

“చెక్క మాదిరే ఉండే టైలు ఉండాది. డెబ్బై రూపాయలే. చూస్తే తేడా తెలీదు.”

“తొక్కితే?”

“తొక్కితే టైలే గదక్కా.”

“అయితే వద్దు.”

చెంగయ్య ముఖంలో వెలిగిన కాస్త ఆశా ఆరిపోయింది.

“ఇంకోటి,” అంది ఆమె. “పడగ్గది తలుపు కాడి నుంచి బాత్రూం దాకా, హాలు మధ్యలో, అడుగు వెడల్పున గరుకు రాయి ఒక వరస పరచాల.”

“హాల్లో బాటా? వచ్చినోళ్లు నవ్వి పోతారే!”

“నవ్వనీ.”

“ఏ రంగు రాయి అక్కా?”

“ఏదో ఒకటి ఎయ్యి.”

చాంద్ బాషా కాగితం మీద లెక్క వేసి చెంగయ్య చేతికిచ్చాడు. చెంగయ్య దాన్ని దగ్గరికీ దూరానికీ జరిపాడు.

“ఇంకో రెండు లైట్లెయ్యి బాషా. కరెంటు మిగిలిస్తా ఉండావా?”

చాంద్ బాషా నవ్వి, తనే చదివాడు. లక్షా ముప్పై ఆరు వేలు.

“మరి నా బండి?” అన్నాడు చెంగయ్య.

“వద్దులే. అడ్వాన్సు వెనక్కి తెచ్చుకో. ఆటోలుండాయి గదా.”

“చేను కాడికి ఆటో వస్తాదా?”

“చేనుకు నేను పోతాలే.”

ఆయన చాంద్ బాషా వైపు చూశాడు. చాంద్ బాషా పైకప్పు వైపు చూశాడు. ఆడమనిషి పట్టుబట్టినప్పుడు సాటి మగవాడు చేయగలిగింది అంతే.

“ఇన్నేళ్లలో నిన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగినా గదే,” అన్నాడు చెంగయ్య. ఆమె తల తిప్పలేదు. ఆయన చెప్పులు తొడుక్కుని, “నీ ఇల్లు. నీ ఇష్టం వచ్చినట్టు పరుచుకో,” అని పక్కనున్న టీ అంగడికి వెళ్లి కూర్చున్నాడు.

చాంద్ బాషాకు జాలేసింది. బేరం పోయినా సరే అనుకున్నాడు.

“తప్పుగా అనుకోబాక అక్కా. మనిషి ఏడ్చేటట్టు ఉండాడు. ఆ చెక్క ఒక్కటి మానుకుంటే ఆయన బండి ఆయనకు వస్తాది. ఎందుకింత పంతం?”

మస్తానమ్మ గుమ్మం దాకా పోయి చూసి వచ్చింది. ఆమె కళ్లు అప్పటికే నిండిపోయాయి.

“కంటి డాక్టరు ఆయన్ని బయట కూచోబెట్టి నాకు చెప్పినాడు బాషా, ఆయన చూపు ఇంకో ఏడాది కూడా నిలవదంట, రేపు నేను చేలో ఉన్నప్పుడు ఏ గదిలో ఉండాడో ఆయన కాళ్లకైనా తెలియాల గదా.”