చల్లగదిలో స్తంభం

దరియాలతిప్ప రొయ్యల కోల్డ్ స్టోరేజీలో స్తంభం పెచ్చు ఊడి మీదపడి తెరేసా భర్త పోయాడు. ఆ తర్వాత స్తంభానికి బలం కోసం ఫైబర్ గుడ్డ చుట్టి జిగురుతో అంటించారు.

"లోపల్నుంచి మా ఆయన తడుతున్నాడండి," అంది అక్కడే పనిచేసే తెరేసా స్తంభాన్ని చూపిస్తూ, తనిఖీకొచ్చిన ఇంజనీరు ఉమామహేశ్వరంతో.

ఇంజనీరు నవ్వలేదు. సుత్తితో కొట్టి చూశాడు. డొల్లగా మోగింది. లోపలి తడి చలికి గడ్డకట్టి, గుడ్డ కాంక్రీటును వదిలేసింది. వెంటనే అందర్నీ బయటికి పంపించాడు. తెరేసా కదలకపోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

కాసేపటికే స్తంభం విరిగి కప్పు కూలింది.

"మీ ఆయన హెచ్చరించబట్టి బతికామమ్మా," అన్నాడు ఇంజనీరు.

తెరేసా ఆ దుమ్ములోకే చూస్తోంది.

"హెచ్చరిక కాదండి. ఒక్కడికే చలేస్తోందంట, నన్ను రమ్మన్నాడు. మీరే వెళ్లనివ్వలేదు."