అమ్మవారి దారం కట్టిన ఆస్పిరిన్

"గోకు మే, ఇంకా గోకు! గోకితేనే పలుకులు దిగేది," అంది పక్క బల్ల దగ్గరున్న స్నేహితురాలు లోకేశ్వరి.

ఐసులో పెట్టిన ఫ్లాస్కు లోపలి గోడను గాజుకడ్డీతో గోకి గోకి హుమేరా చెయ్యి పడిపోయింది. ఆస్పిరిన్ స్ఫటికాల పలుకులు కాదు కదా, నలుసు కూడా తేలలేదు. బి.ఫార్మసీ మొత్తం పూర్తయి, ఈ ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే ఆమెకు మిగిలిపోయింది. ఈసారీ తప్పితే శ్రీ సిటీ మందుల ఫ్యాక్టరీలో వచ్చిన ఉద్యోగం పోతుంది. తండ్రి హజరత్ వలి చూస్తే అప్పుడే వీధంతా బిర్యానీ పంచేశాడు.

"ఇంక ఇది పనయ్యేది కాదు," అంటూ లోకేశ్వరి అటూ ఇటూ చూసి, చున్నీ చాటు నుంచి చిన్న గాజుసీసా తీసింది. లోపల తెల్లటి పొడి. సీసా మెడకు తిరుచానూరు అమ్మవారి పసుపుదారం. ఆ కాలేజీలో సీనియర్లు జూనియర్లకు అప్పగించే ఆస్తి అదొక్కటే. ఏ కాలంలో ఎవరు తయారుచేశారో ఎవరికీ తెలియదు. పలుకులు దిగని వాళ్ళందరినీ ఒడ్డున పడేసింది మాత్రం అదే.

"దారం ఇప్పొద్దు మే. ఇప్పినోళ్ళు ఫెయిలైనారంట."

పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన దేవరాజులు సారుకు, తాను చదివిన కాలేజీ అని కూడా జాలి చూపడని పేరు. హుమేరా తెచ్చిచ్చిన సీసా అందుకుని ఆయన దారాన్ని తడిమాడు. మూత తీసి వాసన చూశాడు.

"నువ్వే చేసినావా పాపా?"

"అవున్సార్. పొద్దున్నే."

"పొద్దున చేసినదానికి వెనిగర్ వాసన యాడిది? ఏండ్ల తరబడి నిలవుంటే గదా పాడై ఇట్ల వాసనొచ్చేది!"



ఆయన చిటికెడు పొడి నీళ్ళలో కలిపి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేశాడు. మంచి ఆస్పిరిన్ అయితే ఊదారంగు రాకూడదు. ఇది నేరేడుపండులా తిరిగింది.

"ఈ దారమేంది?"

"భక్తి సార్," అంది హుమేరా.

ఆయన చాలాసేపు సీసానే చూశాడు. పంచిన బిర్యానీ గుర్తొచ్చి హుమేరాకు ఏడుపొక్కటే తక్కువ. తీరా చూస్తే ఆయన మార్కుల కాగితం మీద 'పాస్' అని రాశాడు. దారం ముడి మళ్ళీ బిగించి, సీసా ఆమె చేతిలోనే పెట్టి, గొంతు తగ్గించాడు.

"నేను దీంతో పాసైనప్పుడు ఇంత రంగు రాలేదే!"